గగనమహలు – గృహపత్రములు

పెనుకొండకు ఘనగిరి యని సంస్కృతనామము కలదు. ఆ కొండ దాపున, పాతకోటలోపల, గగనమహలను రాజగృహ మొకటి నేటికిని నిలిచియున్నది. దాని కమానులు దక్కను సుల్తానుల కట్టడములను, మీది శిఖరము మన దేవాలయవిమానములను తలపించును. విజయనగరరాజుల వేసవి విడిదియని జనులు చెప్పుకొందురు. చూడవచ్చినవారందఱును దీని నెవరు కట్టించిరని యడుగుదురు. ఈ యిల్లు ఎవరిదని యడుగువా రరుదు. ఈ రెండవ ప్రశ్నయే మన యిండ్ల విషయమున ప్రతిదినమును కచేరీలలో వినబడుచుండును గనుక, దానిని ముందు రాజగృహమునందును, పిదప సామాన్యగృహమునందును విచారింతము.

ఒక యిల్లు ఒకనిదని నిశ్చయించుటకు మన ధర్మశాస్త్రములు మూడు ప్రమాణములను చెప్పినవి. లిఖితము, భుక్తి, సాక్షులు అని యాజ్ఞవల్క్యుడు వాని నెన్నెను. లిఖితమనగా పత్రము, భుక్తియనగా అనుభవము, సాక్షులనగా కన్నవారు, విన్నవారు. భూమిని పరు లనుభవించుచుండగా యజమానుడు చూచియు ఇరువదియేండ్లు నోరు మెదపనిచో నష్టము కలుగునని యాతడు చెప్పెను. పండ్రెండవ శతాబ్దిప్రాంతమున కళ్యాణపురమున మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు ఈ మాటకు మెత్తని యర్థమును చెప్పి, నష్టమగునది ఫలమే గాని భూమి గాదనెను. ఇల్లు నాకెట్లు వచ్చెనని చెప్పగల మూలమునకు ఆగమమని పేరు. వంశక్రమమున వచ్చిన యనుభవమును విడిచినచో, వట్టి యనుభవముకంటె ఆగమమే బలవత్తరము. అయినను ఏకొంచెమైనను అనుభవములేని యాగమమునకు బలము లేదు. ఇంతటి సూక్ష్మవిచారము మన దేశమున వేయియేండ్లకు పూర్వమే జరిగినది.

ఈ తూనికతో గగనమహలును తూచి చూతము. పెనుకొండకోట యుత్తరద్వారమునొద్ద 1354వ సంవత్సరపు శాసనము కలదు. అది మొదటి బుక్కరాయల కాలమునాటిది. ఆయన కుమారుడగు విరూపణ్ణ ఈ సీమ నేలుచుండెనని దానివలన తెలియుచున్నది. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున అళియరామరాయలు కూలగా, ఆయన తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను వెంటనిడుకొని, రాజ్యలక్ష్మిని ఈ కోటకు తరలించెను. కొంతకాలమునకు తిరుమలరాయలే పట్టముగట్టుకొనెను. అదియే ఆరవీటి వంశపు రాజ్యారంభము. ఆయన తన రాజ్యభాగముల పాలనమును ముగ్గురు కుమారులకు పంచియిచ్చెను. పెనుకొండ శ్రీరంగరాయలకును, శ్రీరంగపట్టణము రామరాయలకును, చంద్రగిరి వేంకటపతిరాయలకును వచ్చినవి. నేటి మాటలో చెప్పవలెనన్న నిది యొక పారీఖత్తు. పాళ్లు మూడు, పాలివారు మువ్వురును మగవారే.

తరువాతి కథ త్వరితముగ నడచినది. బిజాపురమువారును, గోలకొండవారును ఈ కోటను మార్చి మార్చి ముట్టడించిరి. వేంకటపతిరాయల కాలమున రాజధాని చంద్రగిరికి తరలెను. పదునేడవ శతాబ్ది నడుమ కోట బిజాపురమువారి వశమయ్యెను. పిదప మహారాష్ట్రులు, మైసూరు హైదరల్లీ, ఆయన కుమారుడు టిప్పూ, వరుసగా ఈ సీమ నేలిరి. 1799లో టిప్పూ పడిపోగా నిది నిజాముకు వచ్చెను. 1800లో నిజాము దత్తమండలములతోబాటు దీనిని కుంపిణీవారి కొసగెను. నాలుగున్నర శతాబ్దులలో ఈ కోటలోని రాజగృహము లిందఱి చేతులు మాఱినవి. ఒక్కడును వీనిని కొనలేదు; ఒక్కడును అమ్మలేదు. కత్తి పట్టినవాడే గృహస్వామి. ఇచట భుక్తి కలదు గాని ఆగమమునకు మాఱుగా బలాత్కారమున్నది. ఇట్టి భుక్తిని యాజ్ఞవల్క్యుని న్యాయపీఠ మెదుట పెట్టినచో నిలుచునా?

మన సీమలో శాసనములకు కొఱత లేదే యని యెవరైన ననవచ్చును. నిజమే. కాని యవి చాలవఱకు దానశాసనములు. దేవునికి, బ్రాహ్మణులకు, చెఱువు త్రవ్వించినవారికి ఇచ్చిన భూముల సంగతి వానియందుండును. రాజు తాను నివసించు నింటికి తానే పత్రము వ్రాసికొనడు గదా! ఈ శాసనములయందొక విశేష మున్నది. మన రాణులపేరు లెక్కడ కనబడునో చూడుడు. 1513లో శ్రీకృష్ణదేవరాయల దేవేరులగు తిరుమలదేవి, చిన్నాదేవి తిరుమలలో శ్రీవేంకటేశ్వరునకు పాలారగింపునకై బంగారుగిన్నెల నర్పించిరి. వారి పేరులు శిలపై కెక్కినవి. ఇచ్చినది గనుక స్త్రీ పేరు వ్రాయబడెను. ఉంచుకొన్నదియని వ్రాయబడుట అరుదు. ఈ మాటను చదువరులు మనసున నుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను. దీనితో మరల పని యున్నది.

ఇక సామాన్యుని యింటికి వత్తము. పెనుకొండ, ధర్మవరము, హిందూపురము సీమలలో పాతయిల్లన్న మట్టిమిద్దె. నల్లఱాతి గోడలు, దూలములు, వానిపై దంతెలు, ఆపైని చౌడుమన్ను. ఏటేట వానలకు ముందు చౌడు మరల పఱవనిచో మిద్దె కాఱును. నేల యలుకవలెను, గోడలకు సున్నము కొట్టవలెను. ఇట్టి యింటికి పూర్వము పత్రమెక్కడిది? 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు ముఖ్య కలెక్టరుగా నున్న తామస్ మన్రో పొలములను కొలిపించి, చేనుచేనికిని పన్ను కట్టి, రైతుపేర లెక్క వ్రాయించెను. ఆ లెక్కలు పన్నుకొఱకైనవి. ఊరినడుమ నిండ్లున్న స్థలము గ్రామకంఠము. దానికి భూమిశిస్తు లేదు. శిస్తులేని చోట లెక్కతో పనిలేదు గనుక, చేనికి పట్టా కలిగెను గాని యింటికి కలుగలేదు. తాతముత్తాతల మిద్దెలో కాపురమున్నవాని కనుభవమే పత్రము, ఇరుగుపొరుగులే సాక్షులు. కల్నల్ మెకంజీ యుద్యోగులు గ్రామగ్రామమున సేకరించిన కైఫీయతులలో ఊరు కట్టినవారి కథయుండును గాని యిండ్ల హద్దులుండవు.

1864లో దస్తావేజుల రిజిస్ట్రీ చట్టము వచ్చినది. 1882లో ఆస్తుల బదిలీ చట్టము వచ్చి, నూఱు రూపాయలును అంతకు మించియు వెలగల స్థిరాస్తిని అమ్మినచో రిజిస్టరు పత్రముండి తీరవలెనని విధించెను. నాటినుండి సామాన్యుని యింటికి లిఖితప్రమాణ మేర్పడసాగెను. ఇది చిన్న మార్పు గాదు. కోటగోడలుండియు రాజగృహము పొందలేని భద్రతను, నాలుగు కాగితములుండుటచే మట్టిమిద్దె పొందెను. కొన్నవాడు బలహీనుడైనను, అమ్మినవాడు బలవంతుడైనను, రిజిస్ట్రారు కచేరిలోని పుస్తకము ఇరువురకు నొక్కమాటయే చెప్పును.

ఆ పత్రముల భాషను చూచితిరా? నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షీణము, ఆగామి, సిద్ధము, సాధ్యము అను అష్టభోగములతో, పుత్రపౌత్రపారంపర్యముగా, ఆచంద్రార్కము, దానవిక్రయములకు యోగ్యముగా నిచ్చితిమని క్రయపత్రము చెప్పును. ఇవి విజయనగరరాజుల దానశాసనములలోని మాటలే. రాగిరేకునుండి ముద్రకాగితమునకు దిగినవి. పిదప చెక్కుబందీ: తూర్పున ఫలానివారి యిల్లు, దక్షిణమున వీధి, పడమట ఫలానివారి దొడ్డి, ఉత్తరమున ఉమ్మడిగోడ. చివర వ్రాలు, సాక్షులు. పాతయింటి పత్రముల కట్టను విప్పి వరుసగా చదివినచో నొక వంశచరిత్ర బయలుపడును. కొన్న సంవత్సరము, కుదువబెట్టిన సంవత్సరము, అప్పు తీర్చి విడిపించిన సంవత్సరము, అన్నదమ్ములు పంచుకొన్న సంవత్సరము, అన్నియు నచట నున్నవి. కరవులు వచ్చిన యేండ్లకు తాకట్టుపత్రములే గుఱుతులు.

అయితే అట్టి కట్టలో ఇల్లాలి పేరెచ్చట? పుత్రపౌత్రపారంపర్యమన్న మాటలో పుత్రిక లేదు. నేల యలికినది, చౌడు మోసినది, దీపము పెట్టినది, ఏబదియేండ్లు ఆ గడప దాటక భుక్తి నెఱపినది ఆమెయే. ఆ భుక్తిని ఏ పత్రమును ఎన్నలేదు. ఆమె పేరు ముఖ్యముగా రెండుచోట్ల వచ్చును. ఒకటి, ఫలానివాని భార్యయని మగని పేరు వెనుక. రెండవది, హక్కువిడుదల పత్రమునందు. పుట్టింటి యాస్తిలో తనకేమియు రానవసరము లేదని తోబుట్టువులకు వ్రాసియిచ్చునపుడు ఆడుబిడ్డ పేరు తల్లిదండ్రుల పేరులతోగూడ స్పష్టముగా వ్రాయబడును, వేలిముద్రయు పడును. ఇంటి చరిత్రలోని కామె ప్రవేశము నిష్క్రమణముతోనే జరుగుచున్నది. రాణి బంగారుగిన్నె నిచ్చి శిల కెక్కెను. మన యాడుపడుచు తన పాలు విడిచి కాగితమున కెక్కుచున్నది.

ఇది శాస్త్రదోషమని తలపరాదు. విజ్ఞానేశ్వరుడు వారసత్వమున వచ్చినదియు, కొన్నదియు, పాలుగా వచ్చినదియు స్త్రీధనమే యని విశాలముగ వ్యాఖ్యానించెను. ఆంగ్లేయుల కాలపు న్యాయస్థానములు ఆ యర్థమును కుదించి, విధవ కాస్తి యామె జీవితకాలమువఱకే యనియు, ఆవశ్యకత లేనిదే యామె యమ్మరాదనియు తీర్చినవి. 1937 నాటి చట్టము విధవకు పాలిచ్చెను గాని యా పాలునకు పై సంకెలను విప్పలేదు. 1956 నాటి హిందూ వారసత్వచట్టము ఆ సంకెలను త్రెంచి, ఆమెను సంపూర్ణస్వామినిగా చేసెను. ఉమ్మడికుటుంబమున కుమార్తెకు కుమారునితోపాటు పుట్టుహక్కు కల్పించుటలో మన ఆంధ్రదేశము ముందు నడచినది. 5-9-1985 నుండి అమలునకు వచ్చినట్లుగా 1986లో ఆ చట్టము చేయబడెను; అప్పటికే పెండ్లియైనవారి కది వర్తింపలేదు. 2005లో భారతదేశమంతటికిని అట్టి హక్కు వచ్చెను. పెండ్లియైనవా రను భేదమును పోయెను. తండ్రి అప్పటికి జీవించియుండకపోయినను కుమార్తె హక్కు నిలుచునని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పినది.

చట్టము వచ్చినంతమాత్రమున లిఖితము మాఱదు. ఇచట మనము శ్రద్ధవహింపవలసిన సూక్ష్మమున్నది. 20-12-2004కు పూర్వము రిజిస్టరు పత్రముతోగాని, న్యాయస్థానపు డిక్రీతోగాని జరిగిన పంపకములను 2005 చట్టము కదలింపదు. నోటిమాటగా పంచుకొంటిమని యిప్పుడు చెప్పినచో, ఆనాటి ప్రభుత్వలెక్కలవంటి గట్టి యాధారము లేనిదే దానిని నమ్మరాదని పై తీర్పు హెచ్చరించినది. కావున ఆడుబిడ్డ పాలు పెట్టెలోని కాగితముపై నాధారపడియున్నది. మన సీమలో కుమార్తెకు పెండ్లినాడు పసుపుకుంకుమల క్రింద నేల యిచ్చు నాచారము కలదు. పెద్దమనుష్యుల యెదుట నోటితో నిత్తురు, పత్రము వ్రాయరు. స్థిరాస్తి దానమునకు రిజిస్టరుపత్రము, ఇరువురు సాక్షులు కావలెనని 1882 నాటి చట్టమే చెప్పుచున్నది. ప్రేమతో నిచ్చిన తండ్రి పోయిన పిదప, ప్రేమలేని దాయాదులు ఆ నేలను తిరిగి యడుగుటకు ఆ కాగితపు లోపమే చాలును.

ఇప్పుడీ మాట చెప్పుటకు వేఱొక కారణము కూడ కలదు. గ్రామకంఠములోని యిండ్లకు పట్టాలు లేవంటిని. 24-4-2020న ఆరంభమైన స్వామిత్వ పథకము ఊళ్లలోని యిండ్ల స్థలములను డ్రోనులతో కొలిపించి, యజమానులకు ఆస్తిపత్రముల నిప్పింప దలచినది. మన్రో విడిచిపెట్టిన నడియూరు రెండువందల యేండ్లకు లెక్కలోనికి వచ్చుచున్నది. తొలిసారి వ్రాయబడు పత్రమున వ్రాయబడిన పేరే పిదప ఆగమమగును. దానిని తరువాత దిద్దుట కష్టము. ప్రభుత్వ మిచ్చు ఇంటిస్థలపు పట్టాలను ఇల్లాండ్ర పేరనే యిచ్చు పద్ధతి కొంతకాలముగా నున్నది. పేదరాలి పట్టాలో ప్రభుత్వము చేసిన పనిని, కలిగిన యిండ్లవారు తమ పత్రములలో ఏల చేయరాదు?

చేయవలసినది పెద్దపనియు గాదు. ఇంటి పత్రముల కట్టను ఒక ఆదివారమున విప్పి, ఇంటిల్లిపాదియు కూర్చుండి, ఆడుబిడ్డలకుగూడ అర్థమగునట్లు బిగ్గరగా చదువవలెను. పోయిన పత్రమునకు రిజిస్ట్రారు కచేరినుండి నకలు తేవలెను. ఋణభారము తెలుపు పత్రమును తీయించి చూడవలెను. క్రొత్తగా కొనునపుడు భార్యాభర్త లిరువుర పేరను కొనవలెను. పసుపుకుంకుమల క్రింద నిచ్చినదానికి పత్రము వ్రాయవలెను. హక్కువిడుదలపై వ్రాలు చేయుమని యాడుబిడ్డ నడుగుటకు ముందు, ఆమె విడుచుచున్నదేమో, దాని వెల యెంతయో, ఆమెకు చదివి వినిపింపవలెను. విడుచుటయు నామె యిష్టమే కావచ్చును; కాని తెలియక విడుచుట యిష్టము గాదు.

గగనమహలు నేడు పావురములకును, చూడవచ్చువారికిని నెలవు. దాని నేలినవారి పేరులు చరిత్రగ్రంథములలో నున్నవి. దాని నేల యలికిన స్త్రీల పేరు లెందును లేవు. వానిని మనమిప్పుడు తేలేము. కాని మన మిద్దెల నలికినవారి పేరులు మనకు తెలియును. వ్రాయుటకు ముద్రకాగితమును, కచేరియు, చట్టమును సిద్ధముగ నున్నవి. కావలసినది వ్రాయించు మనసే.