గుడ్లగూబలు ఎన్ని?

మన పెద్దలు శాస్త్రగ్రంథం ఆరంభిస్తే ముందుగా అనుబంధ చతుష్టయం చెప్పేవారు. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగు. మొదటి మూడింటితో నాకీ పూట పని లేదు. నాలుగవదైన అధికారి, అనగా గ్రంథంలో ప్రవేశించడానికి అర్హత గలవాడెవడు అన్న ప్రశ్న, 2011లో ఇంగ్లండులో ఒక విచిత్రమైన రూపం ధరించింది. హ్యారీ పాటర్ కథల రచయిత్రి జె.కె. రోలింగ్ ‘పాటర్‌మోర్’ పేరిట ఒక అంతర్జాల లోకాన్ని కట్టించి, అందరికీ తెరవక ముందే పది లక్షల మందిని లోనికి రానిస్తామని ప్రకటించారు. ఆ పది లక్షల మందిని ఏరడానికి ఏడు దినాల పరీక్ష పెట్టారు. ఆ పరీక్ష ఎవరిని అధికారులుగా ఎంచిందో చూడాలని నా కుతూహలం.

ఆమె పాఠకులకు తలుపులు కొత్త కాదు. 2004 మే నెలలో ఆమె సొంత వెబ్‌సైటు కొత్త రూపంలో వచ్చింది. అందులో చిందరవందరగా ఉన్న రాతబల్ల, మరో గదిలో మూసి ఉన్న తలుపు, దానికి ‘ఇప్పుడు కదిలించవద్దు’ అన్న అర్థంతో ఒక పలక. ఆ పలక మాయమైనదంటే లోపల ఏదో విశేషం ఉన్నట్టు. ఆరవ పుస్తకం పేరు ఆ యేడు జూను చివర ఆ తలుపు వెనుకే బయటపడింది. 2006 డిసెంబరు 21న ఏడవ పుస్తకం పేరు కూడా అలాగే వెల్లడైంది. పూలచక్రం, తోరణం, సాలెగూడు వెతికి పట్టుకోవాలి. కిటికీకి వ్రేలాడే గంటలలో ఒకటి తాళపుచెవి. తలుపు తెరిస్తే ఒక కానుక పొట్లం, దానిని నొక్కితే అక్షరాలు పూరించే ఆట. ఓపిక ఉన్నవాడికల్లా ఆ తలుపు తెరుచుకునేది. నాకంటే ముందు ఇంతమంది లోనికి పోయారు కనుక నాకు చోటు లేదన్న మాట అక్కడ లేదు. ఈ భేదాన్ని చదువరులు గుర్తుంచుకోవాలని మనవి.

2011 నాటి పరిస్థితి వేరు. చివరి పుస్తకం 2007 జూలై 21ననే వచ్చేసింది. చివరి చలనచిత్రం 2011 జూలై మధ్యలో విడుదలైంది. పదేళ్ళకు పైగా ‘తరువాత ఏమి?’ అని ఎదురుచూడడానికి అలవాటుపడిన తరానికి ఇక ఎదురుచూడవలసినది ఏదీ మిగలలేదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహిక ముగిసిన నెలలో మనకు కలిగిన వెలితి జ్ఞాపకం ఉన్నవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. మనకు మరుసటి నెల మరో ధారావాహిక మొదలయ్యేది, వారికి ఆ భాగ్యం లేదు. సరిగ్గా ఆ సమయంలో, జూన్ 23న, లండన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో రోలింగ్ ఈ పాటర్‌మోర్ సంగతి వెల్లడించారు. పుస్తకాలలో లేని కొత్త రచన ఉంటుందన్నారు. మంత్రదండం ఎంపిక, నాలుగు కూటములలో ఒకదానికి కేటాయింపు వంటివి ఎవరికి వారు అనుభవించవచ్చునన్నారు. అక్టోబరులో అందరికీ తెరుస్తామనీ, పరీక్ష నెగ్గినవారికి అంతకుముందేననీ చెప్పారు.

పరీక్ష పేరు మాయాలేఖిని. ఆ కథాలోకంలో మంత్రశక్తి గల శిశువు పుట్టగానే తనంత తానుగా పేరు వ్రాసుకునే ఈకకలం ఒకటి ఉన్నదని రోలింగ్ పూర్వమే చెప్పి ఉన్నారు. మన చిత్రగుప్తుని చిట్టాకు దూరపు బంధువు అనుకోవచ్చు. జూలై 31న మొదలుపెట్టారు. అది కథానాయకుడి పుట్టినరోజు, రచయిత్రి పుట్టినరోజు కూడా. దినానికొక ప్రశ్న చొప్పున ఆగస్టు 6 వరకు. జవాబు ఒక సంఖ్య. దానిని వారిచ్చిన మరో సంఖ్యతో హెచ్చవేసి, వచ్చిన లబ్ధాన్ని ఒక చిరునామా చివర తగిలిస్తే లేఖిని దర్శనమిస్తుంది. ఆనాటికి కేటాయించిన చోట్లు నిండగానే తలుపు మూత.

మొదటి రోజు ప్రశ్న ఇది: మొదటి పుస్తకంలో గుడ్లగూబలు అమ్మే ఈలాప్స్ దుకాణపు పలకపై ఎన్ని జాతుల పేర్లున్నాయి? జవాబును 49తో హెచ్చవేయాలి. పలక మీద ఉన్నవి టానీ, స్క్రీచ్, బార్న్, బ్రౌన్, స్నోయీ అని అయిదు. అయిదు నలభైతొమ్మిదులు 245.

ఇక్కడ చిన్న పిడకల వేట, మన్నించాలి. ఇంగ్లండులో టానీ గుడ్లగూబకే బ్రౌన్ గుడ్లగూబ అని మరో పేరు. బార్న్ గుడ్లగూబను అక్కడి పల్లెజనం దాని కీచుగొంతును బట్టి స్క్రీచ్ గుడ్లగూబ అని కూడా పిలుస్తారు. ఈ లెక్కన పక్షిశాస్త్రం ఎరిగిన పెద్దమనిషి ఎవరైనా ఆ పలకను చదివితే జాతులు మూడే అని తేల్చి, 147 అని వ్రాసి, తలుపు బయటనే నిలబడిపోయి ఉంటాడు. అమరకోశంలో ఒకే పక్షికి పర్యాయపదాలు వరుసగా వల్లించిన మనబోటివాళ్ళకూ ఆ ప్రమాదం లేకపోలేదు.

రెండవనాటి ప్రశ్న, హఫుల్‌పఫ్ కూటమితో జరగవలసిన క్విడిచ్ ఆటను మెక్‌గొనగల్ పంతులమ్మ రద్దు చేసిన అధ్యాయం ఎన్నవది అని. అది రెండవ పుస్తకంలో పద్నాలుగవ అధ్యాయం. చాలకాలం పరీక్షాపత్రాలు దిద్దినవాడిగా నా అభిప్రాయం చెబుతాను. ఇవి బిట్టు ప్రశ్నలు. కథను గుండెకు హత్తుకున్నవాడికీ, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పుటలు తిరగేసేవాడికీ ఇవి తేడా చూపలేవు. ఆ పంతులమ్మ అంత కచ్చితమైన మనిషి ఆటను ఎందుకు ఆపవలసివచ్చిందని అడిగితే పది లక్షల జవాబులను దిద్దేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? యంత్రం దిద్దగలిగినది సంఖ్యను మాత్రమే. కనుక ప్రశ్న సంఖ్యగా మారింది. వారిని తప్పుపట్టలేను గాని, పుస్తకప్రియులను ఏరుతున్నామన్న మాటకు అక్కడే సగం అర్థం పోయింది.

మిగిలిన సగం గడియారం వల్ల పోయింది. ప్రశ్న ఏ వేళ వస్తుందో ముందు చెప్పలేదు, రోజుకొక వేళకు వచ్చేది. ఏ ఒక్క దేశానికీ అనుకూలం కాకుండా ఉండాలని ఆ ఏర్పాటు. ఉద్దేశం న్యాయమైనదే. ఫలితం మాత్రం జాగారం. అర్ధరాత్రి మొదలు తెల్లవారేదాకా తెరను కళ్ళప్పగించి చూస్తూ కూర్చున్నవారికి శివరాత్రి పుణ్యం దక్కినా దక్కకపోయినా ప్రవేశం దక్కింది. ప్రశ్న వెలువడిన కొద్ది నిమిషాలలో జవాబు ట్విట్టరులోనూ అభిమానుల గూళ్ళలోనూ పాకిపోయేది. ఆపైన పుస్తకం తెరవవలసిన అవసరమే లేదు. దీనిని కాపీ కొట్టడం అందామా అంటే మనసొప్పదు. చీటీ అందించినవాడు తన చోటు తగ్గే ప్రమాదం ఎరిగి కూడా ముక్కూ మొగమూ తెలియనివాడికి అందించాడు. పోటీ పెట్టినవారు ఒకరితో ఒకరిని పందెంలో నిలబెడితే, వారు ఒకరినొకరు నిద్ర లేపుకున్నారు. ఈ ఏడు దినాల చరిత్రలో నాకు నచ్చిన ఘట్టం ఇదొక్కటే.

నష్టపోయినది నిజమైన పసిపిల్లలని నా అనుమానం. పుస్తకాన్ని అప్పుడే మొదటిసారి చదువుతున్న తొమ్మిదేళ్ళవాడు వేళకు నిద్రపోతాడు. అర్ధరాత్రి మేలుకొని ఉండగలిగినది, ఆ పుస్తకాలతో పెరిగి పెద్దవారై ఉద్యోగాలలో, కళాశాలలలో కుదురుకున్న తరం. మంత్రశక్తి గల పిల్లల పేర్లు వ్రాయవలసిన లేఖిని, పిల్లలు నిద్రపోతూండగా పెద్దల పేర్లు వ్రాసుకుంది.

లేఖినిని పట్టినవారికైనా వెంటనే లోనికి పిలుపు రాలేదు. సొంత పేరు పెట్టుకోనివ్వలేదు. ఒక లోహమో రంగో, ఒక మంత్రవస్తువో, ఒక అంకె కలిపి యంత్రం అల్లిన కొన్ని పేర్లలో ఒకటి ఏరుకోవాలి. ఆపైన ఉత్తరం కోసం నిరీక్షణ. ఆగస్టు మధ్య నుంచి విడతలు విడతలుగా పిలుపులు వెళ్ళాయి. కొందరికి సెప్టెంబరు దాకా రాలేదు. ఈలోగా ఈబే సంతలో ఈ ఖాతాలు అమ్మకానికి వచ్చాయి. అమ్మిన ఖాతాలు రద్దు చేస్తామని నిర్వాహకులు హెచ్చరించవలసివచ్చింది. అక్టోబరులో అందరికీ తెరుస్తామన్న మాట వాయిదాపడి, చివరకు 2012 ఏప్రిల్ 14న నెరవేరింది. అనగా ఆ జాగారం విలువ దాదాపు ఎనిమిది నెలలు.

లోపల ఏమున్నది? మొదటి పుస్తకం కథ దృశ్యాలుగా, వాటి నడుమ రోలింగ్ కొత్తగా వ్రాసిన పాత్రల పూర్వగాథలు. మెక్‌గొనగల్ పంతులమ్మ బాల్యమూ విఫలమైన ప్రేమా అందులోవే. ఆ పుటలు చదివినవారెవరూ జాగారం వృథా అనుకొని ఉండరు. మరి మంత్రద్రవ్యాల వంట, ద్వంద్వయుద్ధాలు, వాటిలో గెలిచిన అంకెలు కూటమి ఖాతాలో చేరడం. 2012లో మొదటి కూటమి బహుమతి స్లిదరిన్‌కు దక్కింది. వారికిచ్చిన బహుమానం ఏమిటనుకుంటున్నారు? రెండవ పుస్తకపు తొలి అధ్యాయాలలోకి ఇతరులకంటే ముందు ప్రవేశం. తలుపు లోపల మళ్ళీ తలుపు!

2015 సెప్టెంబరులో ఆ లోకాన్ని పూర్తిగా మార్చివేశారు. దృశ్యాలు, వంటలు, కూటమి పోటీలు తీసివేసి వార్తలూ వ్యాసాలూ నింపారు. 2019లో పాటర్‌మోర్ అన్న పేరు కూడా పోయింది. పంతులమ్మ పూర్వగాథ వంటి రచనలు నిలిచాయి. వాటిని చదవడానికి ఏ సంఖ్యా హెచ్చవేయనక్కరలేకపోయింది.

నా మనసులో మాత్రం ఆ పలక మీది గుడ్లగూబలు ఇంకా తేలలేదు. పుస్తకం ప్రకారం అయిదు, పల్లెజనం నోట మూడు. పక్షుల సంగతి ఎరిగిన బ్లాగ్మిత్రులు ఎవరైనా నన్ను సవరిస్తే సంతోషిస్తాను.