ఆవుపాల ప్రోటీన్ అలర్జీ (తల్లిపాలు తాగే శిశువుల్లో)

తల్లి తీసుకున్న పాలు, పెరుగు, వెన్న వంటి వాటిలోని ప్రోటీన్లు లేశమాత్రంగా ఆమె చనుబాలలోకి చేరతాయి. కొందరు శిశువుల రోగనిరోధక వ్యవస్థ ఆ కాస్త ప్రోటీన్‌కే ఎదురు తిరుగుతుంది. తల్లిపాలు తాగే పిల్లల్లో ఆవుపాల ప్రోటీన్ అలర్జీ అంటే ఇదే. డబ్బాపాలు తాగే పిల్లలను కూడా కలిపి లెక్కిస్తే ఆవుపాల అలర్జీ 2-3 శాతం మంది శిశువుల్లో ఉంటుందని అంచనా. తల్లిపాలు మాత్రమే తాగే వారిలో అది సుమారు 0.5 శాతమే. గుడ్డు, సోయా, గోధుమ వంటి ఆహారాల వల్లా ఈ సమస్య రావచ్చు గానీ పాలదే మొదటి స్థానం.

బిడ్డకు విరేచనంలో నెత్తురు చార కనిపించగానే “నీ పాలు బిడ్డకు పడటం లేదు” అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. అది నిజం కాదు. బిడ్డకు పడనిది తల్లి తిన్న ఆహారంలోని ఒక ప్రోటీన్. దాన్ని తల్లి ఆహారం నుంచి తొలగించి పాలివ్వడం కొనసాగించవచ్చు. అలర్జీ రుజువైన పిల్లల్లోనూ చనుబాలు మాన్పించాల్సిన అవసరం చాలా అరుదు.

ప్రోటీన్ పాలలోకి చేరే తీరు

ఆవుపాల ప్రోటీన్లలో సుమారు 80 శాతం కేసిన్, మిగిలినది వే ప్రోటీన్లు. వే ప్రోటీన్లలో ముఖ్యమైన బీటా లాక్టోగ్లోబ్యులిన్ మనిషి పాలలో సహజంగా ఉండదు. తల్లి ఆహారంలోని పాల ప్రోటీన్‌లో కొంత పూర్తిగా జీర్ణం కాకుండానే పేగు గోడ దాటి రక్తంలోకి, అక్కడి నుంచి రొమ్ములోకి చేరుతుంది. ఆ మోతాదు మిల్లీలీటరుకు కొన్ని నానోగ్రాములు మాత్రమే. నానోగ్రామంటే గ్రాములో వందకోట్లవ వంతు. పాలు తాగే తల్లులందరి చనుబాలలోనూ అది కనిపించదు.

గేదెపాలు (తెలంగాణలో బర్రెపాలు), మేకపాలలోని ప్రోటీన్ల నిర్మాణం ఆవుపాల ప్రోటీన్లకు చాలా దగ్గరగా ఉంటుంది. అందువల్ల ఆవుపాలు పడని బిడ్డకు ఇవి కూడా చాలావరకు పడవు. ఏ2 రకం ఆవుపాలూ ఈ అలర్జీకి మందు కావు. లాక్టోజ్ పడకపోవడం పూర్తిగా వేరే సమస్య. లాక్టోజ్ పాలలోని చక్కెర. తల్లిపాలలో అది 100 మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాములుంటుంది, తల్లి తాను పాలు తాగడం మానేసినా తగ్గదు. లాక్టోజ్ లేని పాలలో ప్రోటీన్ యథాతథంగా ఉంటుంది కాబట్టి అవి ఇక్కడ పనికిరావు.

రకాలు, లక్షణాలు

తల్లిపాలు తాగే పిల్లల్లో ఎక్కువగా కనిపించేది నిదానంగా బయటపడే రకం. పుట్టిన తొలి వారాల నుంచి ఆరు నెలల లోపు, మలంలో జిగటతో పాటు సన్నటి నెత్తురు చారలు వస్తాయి. బిడ్డ మాత్రం హాయిగా పాలు తాగుతూ, నవ్వుతూ, బరువు పెరుగుతూ ఉంటుంది. పెద్దపేగు చివరి భాగంలో వాపు రావడం దీనికి కారణం. కొందరిలో తగ్గని ఎగ్జిమా, పదేపదే వాంతులు, నీళ్ల విరేచనాలు, బరువు పెరగకపోవడం కనిపిస్తాయి.

రెండోది వెంటనే బయటపడే రకం. ఇది ఐజీఈ అనే ప్రతిరక్షకాల వల్ల వస్తుంది. నిమిషాల్లో, లేదా రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం మొదలవుతాయి. చనుబాల ద్వారా ఇంత తీవ్రత రావడం అరుదు. చాలామందిలో మొదటిసారి డబ్బాపాలో, పెరుగో నేరుగా నోటికి పెట్టినప్పుడే ఇది బయటపడుతుంది.

అలర్జీ కానివి

సాయంత్రం వేళ గుక్కపట్టి ఏడవడం, తాగిన వెంటనే కాసిని పాలు కక్కడం, ఆకుపచ్చగా విరేచనం కావడం, రోజుకు ఎనిమిది పదిసార్లు వెళ్లడం, లేదా నాలుగైదు రోజులు వెళ్లకపోవడం తల్లిపాలు తాగే ఆరోగ్యవంతమైన పిల్లల్లో మామూలే. కేవలం వీటిని బట్టి అలర్జీ అని తేల్చకూడదు.

నెత్తురు చారకూ వేరే కారణాలుంటాయి. మలద్వారం దగ్గర చిన్న చీలిక ఉండవచ్చు. తల్లి చనుమొన పగిలితే ఆ నెత్తురు బిడ్డ కడుపులోకి వెళ్లి మలంలో రావచ్చు. ఇన్ఫెక్షన్ కావచ్చు. పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్ ఇవ్వని బిడ్డలో రక్తస్రావ లోపమూ కావచ్చు. ఫిన్లాండ్‌లో మలంలో నెత్తురు కనిపించిన 40 మంది శిశువులను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఆవుపాల అలర్జీ నిర్ధారణ అయినది 18 శాతం మందిలోనే. మిగిలిన వారిలో చాలామందికి సమస్య దానంతటదే సర్దుకుంది.

నిర్ధారణ

నిదానంగా వచ్చే రకాన్ని పట్టే రక్తపరీక్ష లేదు. చర్మపరీక్ష, ఐజీఈ పరీక్ష వెంటనే వచ్చే రకానికే ఉపయోగపడతాయి. ఐజీజీ అనే మరో రకం ప్రతిరక్షకాల పరీక్షల ప్యాకేజీలు ఆహార అలర్జీని నిర్ధారించలేవు. ఉన్న మార్గం ఒక్కటే: తల్లి పాల పదార్థాలు మాని చూడటం, తర్వాత మళ్లీ తిని చూడటం.

పిల్లల డాక్టరు సలహాతో తల్లి 2 నుంచి 4 వారాలు పాల పదార్థాలన్నీ మానేస్తుంది. ఏ రోజు ఏం తిన్నదీ, బిడ్డ మలం, చర్మం, నిద్ర ఎలా ఉన్నదీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే మేలు. మార్పేమీ లేకపోతే పాలు కారణం కాదన్నట్టే, తల్లి మామూలు భోజనానికి రావాలి. నయమైతే తల్లి మళ్లీ పాలు, పెరుగు మొదలుపెట్టి దాదాపు వారం గమనించాలి. లక్షణాలు తిరిగొస్తేనే అలర్జీ రుజువైనట్టు. వెంటనే వచ్చే రకమని అనుమానం ఉంటే ఈ పరీక్ష ఇంట్లో చేయరాదు.

ఎక్కువమంది వదిలేసేది ఈ రెండో మెట్టునే. నయమైంది కదా, మళ్లీ కదిలించడం ఎందుకని అనుకుంటారు. కాలంతో పాటు దానంతటదే తగ్గినది కూడా పథ్యం వల్లే తగ్గినట్టు కనిపిస్తుంది. ఫలితంగా అలర్జీ లేని బిడ్డ కోసం తల్లి నెలల తరబడి కడుపు మాడ్చుకుంటుంది.

తల్లి ఆహారం

తెలుగు వంటింట్లో పాలు కాఫీ గ్లాసుతో ఆగవు. పెరుగు, మజ్జిగ, మజ్జిగపులుసు, పాయసం, కోవా, జున్ను ఎలాగూ తెలిసినవే. నెయ్యి ఎక్కువగా కొవ్వే అయినా ప్రోటీన్ ఆనవాళ్లు మిగిలి ఉండవచ్చు కనుక, పరీక్షా కాలంలో నెయ్యితో పాటు నేతితో చేసిన సున్నుండలు, బొబ్బట్లు, పూతరేకులు పక్కన పెట్టడం మంచిది. బిస్కెట్, బ్రెడ్, చాక్లెట్ ప్యాకెట్ల మీద మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసినేట్ అనే పేర్లుంటే అవీ పాల ప్రోటీన్లే. ప్యాకెట్ ఆహారంలో పాలు, గుడ్డు, సోయా, వేరుశనగ వంటి అలర్జీ కారకాలను విడిగా చెప్పాలని మన దేశ ఆహార భద్రతా నిబంధనలు కోరుతున్నాయి.

తీసేసిన దాని బదులు ఏం పెట్టాలన్నది అంతే ముఖ్యం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం బాలింతకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాములు, నువ్వుల్లో వెయ్యికి పైగా ఉంటుంది. రాగి సంకటి, నువ్వుల పొడి, మునగాకు, ముళ్లతో తినగలిగే చిన్న చేపలు పాల లోటును కొంత పూడుస్తాయి. మిగిలినది మాత్రలతో భర్తీ చేయాలి. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ప్రసవం తర్వాత ఆరు నెలల దాకా రోజుకు రెండు క్యాల్షియం మాత్రలు వేసుకోవాలి.

శాకాహార కుటుంబాల్లో మరింత జాగ్రత్త అవసరం. మాంసం, గుడ్డు తినని తల్లికి విటమిన్ బి12 అందేది పాలు, పెరుగు నుంచే. మాత్ర లేకుండా వాటిని మానేస్తే చనుబాలలో బి12 తగ్గి, బిడ్డలో రక్తహీనత, మందకొడితనం, వచ్చిన ఎదుగుదల వెనక్కి పోవడం వంటి ప్రమాదాలు రావచ్చు. బాలింత పథ్యం పేరుతో చాలా ఇళ్లలో పప్పులు, కొన్ని కూరగాయలు, పండ్లు అప్పటికే మానిపించి ఉంటారు. దాని మీద పాలూ తీసేస్తే తల్లి నీరసించిపోతుంది. పాలు మానిన రోజు నుంచైనా పప్పు, కూరలు, పండ్లు ఆమె పళ్లెంలోకి తిరిగి రావాలి. ఒకేసారి గుడ్డు, సోయా, గోధుమ, పల్లీలు అన్నీ మాన్పించడం తగదు.

పోతపాలు అవసరమైతే

తల్లిపాలు చాలనప్పుడు, ప్రోటీన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసిన ప్రత్యేక పాలపొడిని, తీవ్రమైన అలర్జీలో అమైనో ఆమ్లాలతో చేసిన పొడిని డాక్టర్లు సూచిస్తారు. ఇవి ఖరీదైనవి. వైద్యుడు చెప్పకుండా వీటికి మారడం వల్ల తల్లిపాలు తగ్గిపోతాయి. భారత్‌లో 1992 నాటి చట్టం, దాని 2003 సవరణ శిశువుల పాలపొడుల ప్రచారాన్ని నిషేధించాయి.

పైఆహారం

ఆరు నెలలు నిండాక మొదలుపెట్టే ఉగ్గు సహజంగానే పాలు లేనిది. బియ్యం, పెసరపప్పు ఉగ్గులో నెయ్యికి బదులు నూనె వాడితే సరిపోతుంది. అన్నప్రాశనకు పాయసాన్ని కొబ్బరిపాలతో వండుకోవచ్చు. పాలు పడవని గుడ్డు, వేరుశనగలను ఆలస్యం చేయనక్కర్లేదు. వేరుశనగను మెత్తగా చేసి ఇవ్వాలి, గింజలు పెట్టకూడదు. తీవ్ర ఎగ్జిమా ఉన్న బిడ్డకు ముందు డాక్టరును అడగాలి.

అవగాహనలో మార్పులు

తల్లి తాగే ఆవుపాలకూ, తల్లిపాలు తాగే బిడ్డ కడుపునొప్పికీ సంబంధం ఉండవచ్చని స్వీడన్ వైద్యులు యాకబ్సన్, లిండ్‌బెర్గ్ 1978లో లాన్సెట్ పత్రికలో రాశారు. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల్లో పెద్దపేగు వాపును అలన్ లేక్ బృందం 1982లో వివరించింది. అలర్జీ ముప్పున్న కుటుంబాల్లో పాలిచ్చే తల్లులు వేరుశనగ మానాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2000లో సూచించింది. నివారణకు తల్లి పథ్యం పనిచేస్తుందనే ఆధారాలు చాలవని 2008లో ఆ వైఖరి మార్చుకుంది. ముప్పు ఎక్కువగా ఉన్న 640 మంది శిశువులతో లండన్‌లో గిడియన్ లాక్ బృందం చేసిన ప్రయోగం 2015లో వెలువడింది. వేరుశనగను చిన్నప్పుడే తినిపిస్తే ఆ అలర్జీ దాదాపు 80 శాతం తగ్గుతుందని అది చూపింది. మామూలు ఏడుపును, కక్కడాన్ని పాల అలర్జీగా లెక్కగట్టే ధోరణి పెరుగుతోందని 2020లో వెలువడిన ఒక సమీక్ష హెచ్చరించింది.

అత్యవసర లక్షణాలు

ఊపిరి ఆడకపోవడం, ముఖం వాపు, ఒళ్లు పాలిపోయి వాలిపోవడం, పచ్చటి పసరు వాంతి, ఎక్కువ నెత్తురు లేదా ఎర్రటి జెల్లీ లాంటి విరేచనం, కడుపు ఉబ్బరం, జ్వరం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వీటికి పథ్యం వైద్యం కాదు.

ముందుచూపు

నెత్తురు చారల రకం ఎక్కువమందిలో ఏడాది నాటికి తగ్గిపోతుంది. మిగిలిన రకాలున్న వారిలోనూ అత్యధికులు బడికి వెళ్లే వయసుకల్లా పాలు తాగగలుగుతారు. నిదానంగా వచ్చే రకంలో 9-12 నెలల మధ్య డాక్టరు సలహాతో బాగా కాల్చిన బిస్కెట్‌లోని కాస్త పాలతో మొదలుపెట్టి, క్రమంగా పెరుగు, చివరికి పాల దాకా తీసుకెళ్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలు కేవలం తల్లిపాలు, ఆపై రెండేళ్లు, అంతకుమించి కూడా పైఆహారంతో కలిపి ఇవ్వాలని చెబుతుంది. పాల అలర్జీ ఉన్న బిడ్డకూ ఆ సిఫారసే వర్తిస్తుంది. అది నెరవేరాలంటే తల్లికి కడుపునిండా భోజనం, ఇంట్లోవాళ్ల నమ్మకం, పథ్యం ఎప్పుడు ముగించాలో చెప్పే డాక్టరు, మూడూ కావాలి.