ఉక్కునగరం నుండి వంశధార ఒడ్డుకు

1955లో సోవియట్ దేశంతో కుదిరిన ఒడంబడిక ఫలితంగా భిలాయిలో ఉక్కు కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నెసును ప్రారంభించారు. ఆ కొలిమి వెలుగున చేరిన శ్రామికులలో శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు పెక్కుమంది. 1931లో పూర్తి అయిన విజయనగరం-రాయపూరు రైలుమార్గం కోస్తాను ఛత్తీస్‌గఢ్ మైదానంతో అంతకు ముందే కలిపి ఉన్నది. కడలి హోరు వింటూ పెరిగినవారు కడలి లేని నేలను తమదిగా చేసుకొన్నారు.

వారి సంతతివారు సెలవులకు పెద్దల ఊళ్లకు వచ్చినప్పుడు ఒక్క పగలు వెచ్చించి చూడదగిన సీమ వంశధార తీరం. ఉదయాన కళింగపట్నం. నది సముద్రంలో కలిసే ఈ చోట ఒకప్పుడు వర్తకపు ఓడలు లంగరు వేసేవి. 1933లో విశాఖలో పెద్ద రేవు ఏర్పడిన పిమ్మట ఇటువంటి చిన్న రేవుల ప్రాభవం సన్నగిల్లింది. నేడు అక్కడ దీపస్తంభమూ, ఇసుక తిన్నెలూ, జాలరుల పడవలూ కానవస్తాయి.

అక్కడికి కొలది మైళ్ల దూరంలో, నదికి దక్షిణపు ఒడ్డున, శాలిహుండం కొండ ఉన్నది. ఇటుక స్తూపాలు, చైత్యాలు, బ్రాహ్మీ అక్షరాలు చెక్కిన కుండ పెంకులు, తార, మారీచి విగ్రహాలు అక్కడ బయటపడ్డాయి. థేరవాదం మొదలు వజ్రయానం దాకా బౌద్ధం నడిచిన దారి అంతా ఆ ఒక్క కొండమీద గుర్తింపవచ్చు.

ఈ శిథిలాలను 1919లో లోకానికి తెలిపినవారు గిడుగు రామమూర్తి. వాడుక భాషకై పోరాడిన ఆ పండితుడు వంశధార తీరంలోనే పుట్టి, ముఖలింగం ఆలయ శాసనాలను చదవటానికి పాత లిపులను స్వయంగా నేర్చుకొన్నారు. సవర భాషకు వ్యాకరణమూ, నిఘంటువూ సమకూర్చారు. నోటి మాటనూ రాతి మాటనూ సమానంగా ఆదరించిన దృష్టి అది.

భిలాయి తెలుగు ఇళ్లలో ఉత్తరాంధ్ర యాస ఇంకా వినిపిస్తుంది. కాని హిందీలో చదువుకొన్న తరాలలో తెలుగు మాట్లాడేవారందరూ తెలుగు చదవలేరు. శాలిహుండం కుండ పెంకులకు పట్టిన గతీ ఇదే. అక్షరం చెరిగిపోలేదు, చదివేవారే కరవయ్యారు. ఆ అక్షరాలకు వందల ఏళ్ల తరువాత పాఠకులు దొరికారు. నోటి మాటకు అంత వ్యవధి ఉండదు. కళింగపట్నం ఒడ్డున నిలిచిన భిలాయి పిల్లవానికి పెద్దలు ఆ ఊరి పేరును తెలుగులో చదవటం నేర్పితే, ఆనాటి యాత్ర సఫలమైనట్లే.