పోరంబోకు ఎవరిది?

పనికిమాలిన మనిషిని ‘పోరంబోకు’ అని తిట్టడం మనకు పరిపాటి. తమిళం నుంచి వచ్చిన ఈ మాటకు అసలర్థం శిస్తు లెక్కకు బయట ఉంచిన భూమి. మేతబీడు, కళ్లం, శ్మశానం, బండ్లదారి, తోపు - ఊరందరికీ పనికొచ్చే నేల అది. సర్కారుకు శిస్తు రానిదల్లా పనికిరానిదైపోయిన చరిత్ర ఈ ఒక్క తిట్టులో ఉంది.

నెల్లూరు తీరంలో ఆ చరిత్ర మాటతో ఆగలేదు. 1980ల చివర టైగర్ రొయ్య వచ్చింది. చవుడు నేలల్లో మొదలైన ఉప్పునీటి చెరువులు వరిపొలాల దాకా పాకాయి. అదే కాలంలో ‘గ్రామానికి అధికారం’ అన్న నినాదమూ వినిపించింది. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, భూసంస్కరణలు, మత్స్య పరిశ్రమ, తాగునీరు సహా 29 అంశాలను పదకొండో షెడ్యూలులో చేర్చింది. అయితే 243-జి అధికరణం ఈ అధికారాలను రాష్ట్రం పంచాయతీలకు ‘ఇవ్వవచ్చు’ అన్నదే గాని ‘ఇచ్చి తీరాలి’ అనలేదు. 1994 రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ఆ పోరంబోకులను పంచాయతీకి దఖలు పరచింది; ప్రజావసరం పేరిట నోటిఫికేషన్ ఇచ్చి తిరిగి తీసుకునే వీలునూ ప్రభుత్వానికే మిగిల్చింది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేత్తో లాక్కోవడమంటే ఇదే.

తమిళనాడు గ్రామ స్వరాజ్య ఉద్యమ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సంప్రదాయ పద్ధతి సాగు తప్ప, తీర నియంత్రణ మండలిలో రొయ్యల చెరువులు కూడదంది. పులికాట్ సరస్సుకు 1000 మీటర్ల లోపల వద్దంది. సాగుభూమినీ, ఊరి ఉమ్మడి నేలనూ చెరువులుగా మార్చరాదంది. నెల్లూరు జిల్లాలో ఒక మత్స్యకార గ్రామానికి తాగునీరు కరువైన సంగతి కూడా ఆ తీర్పులో నమోదైంది.

2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి, 1991 నాటి తీర నియంత్రణ నిషేధం జలచరాల సాగుకు మొదటినుంచీ వర్తించనట్టే భావించాలంది. దరఖాస్తుల పరిశీలన కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీకి, నిర్ణయం చెన్నైలోని ప్రాధికార సంస్థకు దక్కాయి. నీళ్లు ఉప్పనైన ఊరికి మాత్రం చివరి మాట దక్కలేదు.

రొయ్య కొందరు చిన్న రైతులకూ నాలుగు డబ్బులు చూపిన మాట నిజం. కాని ఇక్కడి ప్రశ్న రొయ్యది కాదు, నిర్ణయాధికారానిది. పల్లెను గురించి రాసే రచయిత ఆకలినీ కన్నీటినీ చూస్తే చాలదు. అడంగల్‌నూ సర్వే నంబరునూ కూడా చదవాలి. ఊరి నేల చేతులు మారేది మొదట ఆ కాగితాల మీదనే.