వద్దని చెప్పే పైలట్‌కు అండగా

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులతో పోటెత్తింది. గట్లు తెగాయి, లంకలు మునిగాయి. డాబాల మీద, ఏటిగట్ల మీద చిక్కుకున్న జనానికి హెలికాప్టర్లు ఆహార పొట్లాలు జారవిడిచాయి. అప్పటి నుంచి ఏ పెద్ద వరద వచ్చినా డెల్టా ఆకాశం వైపు చూస్తూనే ఉంది. ఆ ఎదురుచూపుల బరువంతా పడేది పైలట్ మీదే.

కోనసీమలో దిగుదామంటే కొబ్బరి తోటలు, కరెంటు తీగలు, చేపల చెరువులు. ముసురు పట్టిందంటే మబ్బు కిందికి దిగి దారి కనపడదు. ఇలాంటి నేల మీద ఎగరడం మామూలు రోజుల్లోనే ఎంత ప్రమాదమో 2002 మార్చి 3 చెప్పింది. భీమవరం నుంచి బయలుదేరిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ వానమబ్బుల్లో చిక్కి నల్లమలలో కూలిపోయింది.

ప్రాణాలు కాపాడే పనిలో ఒత్తిడి ఇంకా ఎక్కువ. 2013 జూన్ 25న ఉత్తరాఖండ్ వరద సహాయంలో ఉన్న వాయుసేన ఎంఐ-17 గౌరీకుండ్ దగ్గర కూలి 20 మంది మరణించారు. అమెరికాలో అంబులెన్స్ హెలికాప్టర్లు వరసగా కూలిన తర్వాత అక్కడివాళ్లు ఒక పద్ధతి నేర్చుకున్నారు. వెళ్లాలో వద్దో పైలట్ తేల్చుకునేదాకా రోగి పసిబిడ్డా, పెద్దవారా అన్నది చెప్పరు. వాతావరణం చూసి నిర్ణయించాల్సిన మనిషిని జాలి తొందరపెట్టకూడదని. సిబ్బందిలో ఏ ఒక్కరు వద్దన్నా ప్రయాణం ఆగుతుంది.

హెలికాప్టర్ అన్నివేళలా అందదు కూడా. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరులో పర్యాటక బోటు మునిగినప్పుడు హెలికాప్టర్లు గాలింపుకు వచ్చాయి. కానీ బతికినవారిలో ఎక్కువమందిని ఒడ్డుకు చేర్చింది గిరిజన గ్రామాల పడవలు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మం మున్నేరు వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుంటే వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేదు. ఒక జేసీబీ డ్రైవరు తెగించి వాళ్లను తెచ్చాడు.

గోదావరి చెప్పకుండా వచ్చే ఏరు కాదు. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరేసరికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జులైలో ప్రవాహం 25 లక్షలు దాటింది. రెండో హెచ్చరికకే పడవలు కదిలి లంకలు ఖాళీ అయితే, వరద రాత్రి ఏ పైలట్‌నూ ఎవరూ బతిమాలాల్సిన పని ఉండదు. అప్పటికీ పిలవక తప్పకపోతే, ఆయన వద్దన్న మాటను మంత్రయినా కలెక్టరయినా మారుమాట లేకుండా ఒప్పుకోవాలి.