బ్రయాన్ మెగీ: తత్వశాస్త్రాన్ని ఇంటింటికీ చేర్చిన ప్రసారకుడు

బ్రయాన్ మెగీ (1930–2019) బ్రిటిష్ రచయిత, రేడియో, టీవీ ప్రసారకుడు, పార్లమెంటు సభ్యుడు. విశ్వవిద్యాలయాల నాలుగు గోడల మధ్య ఉండిపోయిన తత్వశాస్త్రాన్ని సామాన్య శ్రోతల దగ్గరికి తీసుకెళ్లిన వారిలో ముఖ్యుడు.

లండన్‌లో పేదల పేట అయిన హాక్స్‌టన్‌లో పుట్టాడు. కుటుంబానికి చిన్న బట్టల దుకాణం ఉండేది. దాని పైనున్న ఇంట్లోనే పెరిగాడు. స్కాలర్‌షిప్‌తో క్రైస్ట్స్ హాస్పిటల్ పాఠశాలలోనూ, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లోని కీబుల్ కళాశాలలోనూ చదివాడు. ఆ బాల్యం గురించి 2003లో ‘క్లౌడ్స్ ఆఫ్ గ్లోరీ’ రాశాడు.

1970–71లో బీబీసీ రేడియోలో తత్వవేత్తలతో సంభాషణలు నడిపాడు. 1978లో బీబీసీ టీవీలో ‘మెన్ ఆఫ్ ఐడియాస్’, 1987లో ‘ది గ్రేట్ ఫిలాసఫర్స్’ వచ్చాయి. ఒక్కోదానిలో 15 భాగాలు. హంగులేమీ లేవు. ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకోవడమే. అతిథి క్లిష్టంగా చెప్పినదాన్ని మెగీ మామూలు మాటల్లో తిరిగి చెప్పి, ‘నాకు అర్థమైంది ఇదేనా’ అన్నట్టు సరిచూసుకునేవాడు. చామ్‌స్కీ, మార్క్యూజ్, ఐరిస్ మర్డాక్, మార్తా నస్‌బామ్ వంటివారు ఆ కుర్చీల్లో కూర్చున్నారు. హెగెల్, మార్క్స్‌ల గురించి పీటర్ సింగర్ మాట్లాడాడు. ఈ సంభాషణలు పుస్తకాలుగానూ వచ్చాయి. ‘పాపర్’ (1973), ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ ఫిలాసఫర్’ (1997), ‘ది స్టోరీ ఆఫ్ ఫిలాసఫీ’ (1998) ఆయన ఇతర రచనలు.

ఇంగ్లండ్‌లో స్వలింగ సంబంధాలు ఇంకా నేరంగా ఉన్న 1966లోనే స్వలింగ ప్రేమికుల గురించి ‘వన్ ఇన్ ట్వెంటీ’ ప్రచురించాడు. మరుసటి ఏడే అక్కడ చట్టం మారింది. 1974 నుంచి 1983 వరకు లేటన్ నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహించాడు. లేబర్ పార్టీ తరఫున గెలిచి, 1982లో సోషల్ డెమోక్రటిక్ పార్టీలో చేరాడు.

మెగీ కృషికి పరిమితి ఉంది. ‘ది గ్రేట్ ఫిలాసఫర్స్’ ప్లేటోతో మొదలై విట్గెన్‌స్టైన్‌తో ముగుస్తుంది. 15 భాగాలూ పాశ్చాత్య సంప్రదాయానివే. బుద్ధుడికి ఒక్క భాగం కూడా లేదు. అయినా అమెరికన్ వ్యావహారికవాదం మీద చేసిన భాగం మనకు దగ్గరిది. అందులో చర్చకు వచ్చిన జాన్ డ్యూయీ, కొలంబియాలో అంబేడ్కర్‌కు గురువు.

ఆ మాటకొస్తే, తత్వాన్ని రేడియోలో చెప్పిన చరిత్ర మనకూ ఉంది. 1954 అక్టోబర్ 3న ఆలిండియా రేడియోలో అంబేడ్కర్ తన జీవన తత్వాన్ని వివరించారు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరత్వాలను ఫ్రెంచి విప్లవం నుంచి కాదు, బుద్ధుడి బోధనల నుంచి తీసుకున్నానన్నారు.

చదువునే నిషేధించిన సమాజంలో ‘ఇది మీకు అర్థం కాదు’ అనే మాట కూడా ఒక గోడే. బట్టల దుకాణం పై ఇంటి నుంచి వచ్చిన మెగీ, వినేవారికి అర్థమవుతుందన్న నమ్మకంతో మాట్లాడాడు. స్టడీ సర్కిళ్లు నడిపేవారు ఆయన నుంచి తీసుకోవలసింది ఆ పద్ధతిని. తత్వవేత్తల జాబితాను మాత్రం మనమే తయారు చేసుకోవాలి.