మేర గింజలు

గ్రామచరిత్ర యనగానే మనము దేవళమును గూర్చియో జమీందారుని గూర్చియో చెప్పుకొందుము. ఊరిలో నెందరుండిరి, వారేమి పని చేసి యేమి తినిరి అను ప్రశ్నను విడిచిపెట్టుదుము. నేడు ఆ ప్రశ్ననే ఒంగోలు ప్రాంతపు పల్లెలను అడుగుదము. ఆ దినములలో ఒంగోలు నెల్లూరు జిల్లాలో నుండెను.

మద్రాసు రాజధానిలో 1871లో జనమును లెక్కింపగా సుమారు 3 కోట్ల 12 లక్షలమంది తేలిరి. 1881లో మరల లెక్కింపగా సుమారు 3 కోట్ల 8 లక్షలే. పెరుగవలసినది తరిగెను. నడుమ 1876–78 కరవు వచ్చినది. కర్నూలు జిల్లాలోనైతే రమారమి నాలుగవవంతు జనము తగ్గిపోయెను.

పొలము గల రైతు పాతర గింజలతో కొంతకాలము నిలువగలిగెను. ఊరి చివరి మాదిగవాడకు పాతర లేదు. వారి బ్రతుకు మేర మీద నుండెను. మాదిగవాడు ఏడాది పొడుగున రైతునకు చెప్పులు కుట్టును, కపిలబావికి తోలుబాన కుట్టును, చినిగినప్పుడు బాగుచేయును, ఎడ్లకు వార్లును కొరడాయు నిచ్చును. అందుకు రోజుకూలి లేదు. కోతలైన పిమ్మట కళ్లములో అతని పాలు గింజలు కొలుతురు. చచ్చిన పశువు అతనిదే. దాని తోలును లందలో సున్నముతోను తంగేడు చెక్కతోను పదును చేయును, మాంసము ఇంటివారు తిందురు. జాతరలో డప్పు కొట్టుటయు, వెట్టి పోవుటయు ఈ లెక్కలోనివే. ఇది కూలియు కాదు, దానమును కాదు. పండిన యేడు కడుపు నిండును. పండని యేడు కొలుచుటకు గింజలే లేవు గదా!

జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరిరి. ఆయన యొద్దకు మొదట వచ్చిన తాళ్లకొండపాటి యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారము చేయువాడే. నమ్మినవారు చచ్చిన పశువు మాంసము మానిరి, జాతర డప్పు మానిరి, ఆదివారపు పని మానిరి. ఇట్లు మానుట యనగా మేరను పోగొట్టుకొనుటయే. పైరు ఎండుచుండగా ఆదివారమున బాన చినిగినచో రైతునకు కోపము వచ్చుట వింత కాదు, దానిని నేను నిందింపను. బావినీళ్లు నిలిపివేయుట మాత్రము వేరు సంగతి.

కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు పుచ్చుకొనిరి. మేరకు అలవాటుపడిన చేతులలో కూలిడబ్బులు పడెను. కూటికొరకు వచ్చిరను మాట రాకూడదని ఆ కాలమున బాప్తిస్మములు నిలిపిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

మన పత్రికలలో కథ సాధారణముగా ఇక్కడ ఆగును. జూలై 4న వారేమి తినిరని మన మడుగము. వారు మరల ఆ పల్లెలకే, ఆ కళ్లముల యొద్దకే పోవలసియుండెను. తరువాత పట్టణములలో తోళ్లకు ధర పెరుగగా, చచ్చిన పశువు తోలు కూడ తనదేనని రైతు అనసాగెను. ఆయిలింజన్లును కరెంటు మోటార్లును వచ్చి కపిలబాన పోయెను, ఫ్యాక్టరీ చెప్పులు వచ్చి కుట్టుపని తరిగెను.

2011 జనాభా లెక్కలో పనివారిని నాలుగు తరగతులు చేసిరి: సాగుదారులు, వ్యవసాయకూలీలు, ఇంటి పరిశ్రమవారు, ఇతరులు. ఇంటియొద్ద చెప్పులు కుట్టు తాత మూడవ గడిలో చేరును. మిరప కోతకు పోవు మనుమరాలు రెండవ గడిలో చేరును. మేరకు గడి లేదు.